ఎదుటి పక్షం మాట



1954 నవంబరు 6. కర్నూలులో ఆంధ్ర రాష్ట్ర శాసనసభ కూర్చుని ఉంది. టంగుటూరి ప్రకాశం పంతులుగారి మంత్రివర్గం మీద అవిశ్వాస తీర్మానం వచ్చింది. ఓట్లు లెక్కపెట్టారు. తీర్మానానికి అనుకూలం 69, వ్యతిరేకం 68. ఒక్క ఓటుతో ప్రభుత్వం పడిపోయింది. అంతకు ఏడాది ముందే, 1953 అక్టోబరు 1న, జవహర్‌లాల్ నెహ్రూ కర్నూలుకు వచ్చి ఆ రాష్ట్రాన్ని ప్రారంభించి వెళ్లారు. కట్టడాలు చాలక కచేరీలు డేరాల్లో నడిచిన రోజులవి. పొట్టి శ్రీరాములుగారు ప్రాణం పెట్టి తెచ్చిన రాష్ట్రంలో మొదటి ప్రభుత్వం రెండో సంవత్సరం పూర్తి చేసుకోకుండానే పోయింది.

కర్నూలు రాజధానిగా ఉన్న మూడేళ్ల గురించి మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా ఈ సంగతిని ఒక వాక్యంలో చెప్పి ముందుకు పోతాం. నాకు మాత్రం ఆ రోజు సభలో ఎవరు ఏ లెక్క వేసుకుని కూర్చున్నారన్నదే ముఖ్యం. ఎవరికి ఏం కావాలి? ఎవరు దేనికి భయపడ్డారు? ఎవరి ఎత్తు పారింది, ఎవరిది బెడిసింది? ఇవి పుస్తకం చదివిస్తే పిల్లలకు ఎక్కే విషయాలు కావు. అందుకే ఈ ప్రసంగంలో నేను ఒక పని ప్రతిపాదించబోతున్నాను. కర్నూలు, కడప జిల్లాల్లోని మన ఉన్నత పాఠశాలల్లో, కాలేజీల్లో ఆ సభను పిల్లల చేత ఆడించాలి. మాటలు ముందే రాసిచ్చి బట్టీ పట్టించే నాటకం సంగతి కాదు నేను చెప్పేది. ఒక్కొక్కరికి ఒక్కొక్క నాయకుడి పాత్ర ఇవ్వాలి. ఆ మనిషికి ఆ ఉదయానికి ఏం తెలుసో అంతే చెప్పాలి. ఆ తర్వాత సభలో వదిలిపెట్టాలి. పొత్తులు వాళ్లే కుదుర్చుకోవాలి, వాదన వాళ్లే కట్టుకోవాలి, ఓటు వాళ్లే వేయాలి. ఫలితం 1954లో వచ్చినట్టే రావాలని ఏమీ లేదు.

ఈ పద్ధతికి రెండువేల ఏళ్ల వయసుంది. రోము నగరంలో పెద్దింటి పిల్లలు సెనేటుకు పోయే ముందు వక్తృత్వ పాఠశాలల్లో చదువుకునేవాళ్లు. అక్కడ వాళ్లకు ఇచ్చే అభ్యాసాల్లో ఒకదాని పేరు సువసోరియా. చరిత్రలో ఒక పెద్ద మనిషి ఏదో ఒక నిర్ణయం ముందు నిలబడి ఉంటాడు. పిల్లవాడు ఆయనకు సలహాదారుడై మాట్లాడాలి. ఆ సలహాలను సెనెకా అనే వృద్ధుడు గుర్తు పెట్టుకుని గ్రంథంగా రాశాడు, కాబట్టి ఆ అంశాలు మనకు మిగిలాయి. అందులో ఒకటి చూడండి. సిసెరో అనే మహావక్త ఆంటోనీని సెనేటులో చీల్చి చెండాడాడు. ఆంటోనీ చేతికి అధికారం వచ్చింది. క్రీస్తుపూర్వం 43లో సిసెరోను చంపించాడు. పాఠశాలలో ఇచ్చిన సమస్య ఇది: నీ రచనలన్నీ తగలబెడితే ప్రాణంతో వదిలేస్తానని ఆంటోనీ అన్నాడనుకోండి, సిసెరోకు మీరు ఏం చెబుతారు?

మాట్లాడినవాళ్లందరూ ఒకే మాట చెప్పారట. పుస్తకాలు కాల్చవద్దు, చావే మేలు అని. రెండో పక్షాన వాదించినవాడు ఒక్కడు కూడా తన ఎరుకలో లేడని, అందరికీ పుస్తకాల గురించే దిగులు తప్ప మనిషి గురించి దిగులు లేకపోయిందని సెనెకా గమనించాడు. నాకు ఆ గ్రంథంలో అన్నిటికన్నా విలువైన సంగతి ఇదే. చప్పట్లు వచ్చే పక్షాన్నే అందరూ పట్టుకుంటే అభ్యాసం పాడైపోయింది. బతికి ఉండు, ఇంకో పుస్తకం రాయవచ్చు అని చెప్పడానికి ఒక్కడైనా లేచి ఉంటే మిగిలినవాళ్లకు తమ వాదన ఎంత గట్టిదో తెలిసి ఉండేది.

అసలు సెనేటులో అట్లా ఒకే పక్షం నడిచేది కాదు. క్రీస్తుపూర్వం 63 డిసెంబరులో, రోము ప్రభుత్వాన్ని పడగొట్టడానికి కాటిలైన్ పన్నిన కుట్రలో పట్టుబడినవాళ్లను ఏం చేయాలని చర్చ వచ్చింది. మొదట లేచినవాళ్లు మరణశిక్ష అన్నారు. తర్వాత యువకుడైన సీజరు లేచి, విచారణ లేకుండా పౌరులను చంపే ఆనవాయితీ పెడితే రేపు అది ఎవరి మెడకు చుట్టుకుంటుందో ఆలోచించండి, ఖైదులో పెట్టండి అన్నాడు. సభ అటు ఒరిగింది. ఆ మీదట కేటో అనే సభ్యుడు లేచి మాట్లాడితే మళ్లీ ఇటు తిరిగింది. అక్కడ ఓటంటే లేచి నడవడమే. ఎవరి మాట నచ్చితే వాళ్ల వైపు నడిచి వెళ్లి చేరాలి. సభ మొత్తం చూస్తుండగా మనిషి పక్షం మారడం కళ్లకు కనబడేది.

రోము దాకా ఎందుకు, మన రాయలసీమ పల్లెల్లో ఈ చదువును తరతరాలు చెప్పింది పద్యనాటకం. మరీ ముఖ్యంగా కృష్ణరాయబారం. తిరుపతి వేంకట కవులు, అంటే దివాకర్ల తిరుపతి శాస్త్రిగారు, చెళ్లపిళ్ల వేంకట శాస్త్రిగారు, పాండవోద్యోగ విజయాలు రాసిన తర్వాత ఆ రాయబారం తెలుగు దేశమంతా ఊరూరా పాకింది. తిరునాళ్ల రాత్రి హార్మోనియం శ్రుతి పట్టగానే గోనెపట్టాలు పరుచుకుని కూర్చున్న జనానికి కథ మొత్తం ముందే తెలుసు. సంధి కుదరదని తెలుసు. యుద్ధం వస్తుందని తెలుసు. అయినా తెల్లవార్లూ కూర్చునేవాళ్లు. ఎందుకు? ఎవరు ఏమని వాదిస్తారో వినడానికి. నచ్చిన పద్యానికి వన్స్‌మోర్ కొట్టడానికి.

భారతంలో ఉద్యోగపర్వం నిజానికి రెండు సభల కథ. కృష్ణుడు బయలుదేరే ముందు పాండవుల సభ ఒకటి. అందులో ధర్మరాజు అయిదూళ్లతో సరిపెట్టుకుంటానంటాడు. ఎప్పుడూ గద ఎత్తే భీముడే మెత్తగా మాట్లాడతాడు. అందరికన్నా చిన్నవాడు సహదేవుడు మాత్రం యుద్ధమే జరిగేలా చూడమంటాడు. ద్రౌపది జుట్టు చేతబట్టుకుని, ఆ సంధి మాటల మధ్య ఇది మరచిపోవద్దంటుంది. ఒకే పక్షంలో ఇన్ని గొంతులు. రాయబారి ఇవన్నీ మోసుకుని పోవాలి. తర్వాతిది కౌరవ సభ. అక్కడ భీష్ముడు, ద్రోణుడు, విదురుడు సంధి కోరతారు, కాని వాళ్లు తింటున్నది దుర్యోధనుడి తిండి. తండ్రికి మంచి చెడ్డా తెలుసు, కొడుకును ఆపే బలం లేదు. ఇక దుర్యోధనుడు. జూదానికి ధర్మరాజు ఇష్టపడి కూర్చున్నాడు, ఓడాడు, ఇందులో నా తప్పేమిటని అడుగుతాడు. నేను చిన్నవాణ్ణిగా ఉన్నప్పుడు పెద్దవాళ్లు పంచి ఇచ్చిన రాజ్యాన్ని ఇప్పుడు నేనెందుకు ఒప్పుకోవాలి అంటాడు. సూదిమొన మోపినంత భూమి కూడా ఇవ్వనంటాడు.

దుర్యోధనుడి వేషం కట్టే నటుడికి మన పల్లెల్లో ఉన్న గౌరవాన్ని గుర్తు చేసుకోండి. ఆ మాటలు ఒట్టి దుర్మార్గుడి కేకల్లాగా చెబితే జనం ఒప్పుకోరు. అభిమానం గల రాజు, తన వైపు ఒక న్యాయం ఉందని నమ్మే రాజు కనబడాలి. పగలంతా మడక దున్నిన రైతు, బడిలో పాఠం చెప్పిన పంతులు, రాత్రికి మీసం దువ్వి ఆ వాదనను నిలబెట్టేవాళ్లు. కృష్ణుడు గెలిచే నాటకంలో దుర్యోధనుడి మాట బలంగా ఉంటేనే కృష్ణుడి మాటకు బరువు వస్తుందని వాళ్లకు ఎవరూ పుస్తకం పెట్టి చెప్పలేదు. వేషం కట్టి తెలుసుకున్నారు. సభ ముగిశాక కృష్ణుడు కర్ణుణ్ణి పక్కకు పిలిచి, నువ్వు కుంతి కొడుకువి, పెద్దవాడివి, రాజ్యం నీదే, వచ్చెయ్ అని ఆశపెట్టే ఘట్టం ఉంది కదా. ఎదుటి పక్షంలోని బలమైన మనిషిని ఓటింగుకు ముందు తిప్పుకోవడానికి చేసే ప్రయత్నమే అది. కర్ణుడు పోడు. ఎందుకు పోడో చెప్పే మాటలకు ఇప్పటికీ జనం కళ్లు తుడుచుకుంటారు.

ఈ నేల నాటకానికి ఎంత పాతదో కూడా చెప్పాలి. కడప జిల్లాలోని సురభి గ్రామంలో 1885లో వనారస వంశంవాళ్లు కీచకవధ ఆడారు. సురభి నాటక సమాజాలు అక్కణ్ణుంచే బయలుదేరాయి. అప్పటికి మన దత్తమండలాల్లో భాగమైన బళ్లారిలో ధర్మవరం కృష్ణమాచార్యులుగారు, కోలాచలం శ్రీనివాసరావుగారు నాటకాలు రాశారు. తాడిపత్రిలో పుట్టిన బళ్లారి రాఘవ వృత్తికి వకీలు. కోలాచలంవారి రామరాజు చరిత్రలో ఆయనకు పేరు తెచ్చిన వేషం విజయనగరం రామరాజుది కాదు, పఠాన్ రుస్తుముది. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన తెలుగు వకీలు, తళ్లికోట యుద్ధం కథలో పఠానై నిలబడితే, విజయనగరం పేరు చెబితే గుండె పొంగే జనం ఆయనకు చప్పట్లు కొట్టారు. నేను కోరుతున్న చదువు అదే.

మన సీమకు ఈ చదువు మిగతా వాళ్లకన్నా ఎక్కువ అవసరమని నేను నమ్ముతాను. కర్నూలు, కడప పల్లెల్లో చాలా చోట్ల పక్షమన్నది పిల్లవాడికి పుట్టుకతోనే వచ్చేది. ఎవరి ఇంటికి పోవాలో, ఎవరి నీళ్లు తాగకూడదో నడక వచ్చే నాటికే తెలిసిపోయేది. ఎదుటి వర్గం వాళ్లు ఏమనుకుంటున్నారని అడగడమే తప్పుగా చూసిన ఇళ్లున్నాయి. ఆ కక్షల్లో పోయిన ప్రాణాలు, పెరిగిన అనాథలు, వలస పోయిన కుటుంబాలు మనందరికీ తెలిసినవే. అదే ఊళ్లో రచ్చబండ మీద రాయబారం ఆడితే రెండు పక్షాలవాళ్లూ కూర్చుని చూశారు. వేదిక మీద మాత్రం ఎదుటివాడి మాట పూర్తిగా వినడం చేతనైంది. ఆ చేతనైన పనిని బడిలోకి తీసుకురావచ్చని నా ఆశ.

పౌరాణికం ఎందుకు చాలదు, కర్నూలు సభే ఎందుకు అంటారేమో. భారతంలో ఫలితం మారదు. కృష్ణుడికి అన్నీ తెలుసు. కర్నూలులో ఎవరికీ అన్నీ తెలియవు. అదే తేడా.

ముందుగా కడప వాళ్లకు ఒక చిన్న సభ చెబుతాను. 1937 నవంబరు 16. మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఇల్లు శ్రీబాగ్. ఒక వైపు కోస్తా నాయకులు భోగరాజు పట్టాభి సీతారామయ్య, కొండా వెంకటప్పయ్య మొదలైనవాళ్లు. మరో వైపు కడప కోటిరెడ్డి, కల్లూరు సుబ్బారావు, పప్పూరు రామాచార్యులు. కోస్తావాళ్లకు ప్రత్యేక రాష్ట్రం కావాలి, అందుకు సీమ తోడు కావాలి. సీమవాళ్లకు భయం: మద్రాసు పెత్తనం పోయి కోస్తా పెత్తనం వస్తే మనకు మిగిలేదేమిటి? అందుకే తోడు రావడానికి షరతులు పెట్టారు. తుంగభద్ర, కృష్ణ, పెన్న నీళ్ల వాడకంలో పదేళ్ల పాటు సీమకు, నెల్లూరుకు మొదటి స్థానం. అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం. రాజధాని, హైకోర్టు రెండూ ఒకే చోట ఉండకూడదు, ఏది కావాలో ఎంచుకునే హక్కు సీమది. కోటిరెడ్డి పాత్ర తీసుకున్న పిల్ల ఒక ప్రశ్న తేల్చుకోవాలి: కాగితం మీద మాట చాలా, లేక నీళ్లు పారిన తర్వాతే రాష్ట్రం అనాలా? పట్టాభి పాత్ర తీసుకున్న పిల్లవాడికి ఇంకో ప్రశ్న: నీ కృష్ణా డెల్టా రైతులకు ఈ షరతు ఎట్లా చెబుతావు? ఆ చిన్న కాగితం పేరు మీదనే పదహారేళ్ల తర్వాత కర్నూలు రాజధాని అయింది, హైకోర్టు గుంటూరుకు పోయింది. నీళ్ల షరతు మీద మాత్రం ఇప్పటికీ మన రైతు సభల్లో మాట నడుస్తూనే ఉంది.

ఇక 1954 నవంబరు సభ. 140 మంది సభ్యుల శాసనసభ. ఏ పార్టీకీ సొంతంగా మెజారిటీ లేదు. స్పీకరు నల్లపాటి వెంకట్రామయ్యగారు.

ప్రకాశం పంతులుగారి పాత్ర అందరికన్నా కష్టమైనది. 82 ఏళ్ల మనిషి. సైమన్ కమిషన్ రోజుల్లో తుపాకీ ముందు రొమ్ము విప్పిన ధీరుడు. 1946లో మద్రాసు రాష్ట్రానికి ప్రధానమంత్రి అయితే ఏడాది తిరక్కుండానే సొంత పార్టీవాళ్లే దించారు. 1951లో కాంగ్రెసు వదిలి ప్రజాపార్టీ పెట్టారు. రెండేళ్లకు అదే కాంగ్రెసు మద్దతుతో కొత్త రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యారు. కుర్చీ ఆయనది, బలం కాంగ్రెసుది. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఆ సెప్టెంబరులోనే ఆయన హయాంలో మొదలైంది. బెజవాడ దగ్గర కృష్ణ మీద కొత్త బ్యారేజీ పనికి ఆ ఫిబ్రవరిలో శంకుస్థాపన జరిగింది. చేయవలసినది ఎంతో ఉందని నమ్మే వృద్ధుడు, తన చేతిలో లేని ఓట్లతో దాన్ని ఎట్లా నిలబెట్టుకోవాలి?

ఆయన పక్కన ఉపముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి, 41 ఏళ్లు. ఆంధ్ర కాంగ్రెసు అధ్యక్ష పదవికి ఎన్.జి. రంగాగారి మీద పోటీ చేసి గెలిచినవాడు. ఆ పోటీ తర్వాతనే రంగాగారు కాంగ్రెసు వదిలి కృషికార్ లోక్ పార్టీ పెట్టారు. 1952 ఎన్నికల్లో సంజీవరెడ్డిని అనంతపురంలో ఓడించింది కమ్యూనిస్టు తరిమెల నాగిరెడ్డి. ఈ నాగిరెడ్డి ఆయనకు స్వయానా బావమరిది. ఇప్పుడు ఒకే సభలో బావ పాలకపక్షంలో, బావమరిది ప్రతిపక్షంలో. ఉద్యోగపర్వం చదువుకున్న సీమ పిల్లలకు ఈ బంధుత్వాన్ని వేరే వివరించనక్కరలేదు. ప్రకాశంగారి ప్రజాపార్టీ నుంచి తెన్నేటి విశ్వనాథంగారు ఆర్థికమంత్రి, వాదనలో గట్టివాడు. కర్నూలు పక్కన పెదపాడులో పుట్టిన దామోదరం సంజీవయ్య కూడా ఆ సభలో సభ్యుడే. మరో అయిదేళ్లకు ఆయనే ముఖ్యమంత్రి అవుతాడని ఆ రోజు ఎవరికీ తెలియదు.

గొడవ దేని మీద వచ్చింది? మద్యనిషేధం మీద. రాజాజీ 1937లో సేలం జిల్లాలో మొదలుపెట్టిన నిషేధం మరుసటి ఏడాదే చిత్తూరుకు, మన కడపకు వచ్చింది. 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతా పరుచుకుంది. గాంధీగారి పేరుతో వచ్చిన చట్టం, తాగి పాడైన ఇళ్లలో ఆడవాళ్లకు ఊరట. దానికి రెండో ముఖం కల్లుగీత కులాలు. చెట్టెక్కితేనే పూట గడిచే కుటుంబాలు ఒక్కసారిగా పని పోగొట్టుకున్నాయి. తరతరాల వృత్తి నేరమైపోయింది, ఎక్కినవాడికి జైలు. శ్రీకాకుళం జిల్లా బారువలో పుట్టిన గౌతు లచ్చన్న వాళ్ల నాయకుడు, కృషికార్ లోక్ పార్టీ మనిషి. నిషేధం ఎట్లా నడుస్తోందో చూడమని రామమూర్తి కమిటీని వేశారు. నిషేధం ఎత్తివేయడమే మేలని ఆ కమిటీ చెప్పింది. ప్రభుత్వం దాన్ని అమలు చేయలేదు. గీతవాళ్లు సత్యాగ్రహానికి దిగారు. లచ్చన్న అవిశ్వాసానికి పూనుకున్నారు.

ఇక్కడ ఆట ఆపి పిల్లలను ఆలోచించనివ్వాలి. ప్రకాశంగారు కమిటీ మాట వింటే గీతవాళ్ల పక్షం చల్లబడుతుంది, కాని నిషేధాన్ని వ్రతంగా పట్టుకున్న కాంగ్రెసువాళ్లు కదిలిపోతారేమో. వినకపోతే ప్రభుత్వమే పోవచ్చు. కొంత వాయిదా అడగవచ్చా? శిక్షలు తగ్గిస్తే సరిపోతుందా? సంజీవరెడ్డి పాత్రధారి తన సభ్యులను ఎంత గట్టిగా పట్టి ఉంచాలి? లచ్చన్న పాత్రధారికి ఇంకా పెద్ద చిక్కు. తనకు కావలసింది నిషేధం పోవడమే తప్ప ప్రభుత్వం పోవడం కాకపోవచ్చు. తీర్మానం గెలవాలంటే కమ్యూనిస్టుల ఓట్లు కావాలి. రంగాగారి పార్టీకి కమ్యూనిస్టులతో పొసగదు. నాగిరెడ్డి పాత్రధారి ఏం లెక్క వేయాలి? ఈ ప్రభుత్వం పడితే తరువాత ఎన్నికలే. ఎన్నికలొస్తే అధికారం తమదేనన్న నమ్మకం కమ్యూనిస్టుల్లో బలంగా ఉంది. ఆ నమ్మకం ఎంతవరకు సబబు?

ఓటు పడింది. 69, 68. తర్వాత జరిగింది చూడండి. నవంబరు 15న రాష్ట్రపతి పాలన వచ్చింది. 1955 ఫిబ్రవరిలో ఎన్నికలు. మూడు నెలల కిందట ప్రభుత్వాన్ని పడగొట్టడానికి ఓటేసిన కృషికార్ లోక్ పార్టీ, పడిపోయిన ప్రభుత్వాన్ని నడిపిన కాంగ్రెసు, ప్రజాపార్టీ కలిసి ఒకే కూటమిగా కమ్యూనిస్టుల మీద నిలబడ్డాయి. దేశం నలుమూలల నుంచి కాంగ్రెసు నాయకులు ప్రచారానికి దిగారు. అదే జనవరిలో మాస్కో పత్రిక ప్రావ్దా నెహ్రూగారి విదేశాంగ విధానాన్ని మెచ్చుకుంటూ సంపాదకీయం రాస్తే, కాంగ్రెసువాళ్లు దాన్ని కరపత్రాలుగా వేసి ఊళ్లలో పంచారు. 196 స్థానాల్లో కూటమికి 146 వచ్చాయి. కమ్యూనిస్టులకు 15. మార్చి 28న బెజవాడ గోపాలరెడ్డిగారు ముఖ్యమంత్రి, సంజీవరెడ్డి మళ్లీ ఉపముఖ్యమంత్రి. తెలంగాణతో కలిసి 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు పోయింది, కర్నూలు మళ్లీ జిల్లా కేంద్రమైంది.

ఒక్క ఓటుతో గెలిచిన పక్షంలోని పెద్ద పార్టీ, ఆ గెలుపు వల్లనే వచ్చిన ఎన్నికల్లో అంత దెబ్బ తిన్నది. ఈ సంగతి చదివి తెలుసుకున్న పిల్లవాడు పరీక్ష రాసి మరిచిపోతాడు. ఆ ఓటు తన చేత్తో వేసిన పిల్లవాడు మరిచిపోడు. అమెరికాలో బర్నార్డ్ కాలేజీలో మార్క్ కార్న్స్ అనే చరిత్ర అధ్యాపకుడు 1990ల్లో ఇదే పద్ధతి మొదలుపెట్టారు. అక్కడ విద్యార్థులు ఏథెన్సు సభలో సోక్రటీసు కాలపు పౌరులై వాదిస్తారు, వారాల తరబడి ఒకే సభ నడుపుతారు. నోరు విప్పని పిల్లలు కూడా తమ పక్షం ఓడిపోతోందని తెలిసేసరికి లేచి మాట్లాడటం అక్కడి అధ్యాపకులు చూశారు. మనకు ఏథెన్సు అరువు అక్కరలేదు. మన ఊరి సభ మనకుంది.

చేసే విధానం గురించి నాలుగు మాటలు. పాత్రలు చీటీలు వేసి పంచాలి, కోరుకున్నవాళ్లకు ఇవ్వకూడదు. ఇంట్లో ఏ జెండా ఉందో అదే పక్షం పడితే చీటీ మార్చాలి. తల్లిదండ్రులు అభ్యంతరం చెబుతారేమో, వాళ్లను కూడా పిలిచి సభలో కూర్చోబెట్టాలి. ఆడపిల్లలకు ప్రకాశం, నాగిరెడ్డి పాత్రలు నిస్సంకోచంగా ఇవ్వాలి. ఎటూ తేల్చుకోని మామూలు సభ్యులు పదిమందైనా ఉండాలి, ఎందుకంటే ఒక్క ఓటు సభలో రాజు వాళ్లే. నిషేధం ఉండాలనే ఇల్లాలి మాట, చెట్టెక్కే మనిషి మాట సభకు విన్నపాలుగా రావాలి. చదువుకోవడానికి ప్రకాశంగారి ఆత్మకథ నా జీవిత యాత్ర ఉంది. అందులో చివరి భాగం తెన్నేటి విశ్వనాథంగారు పూర్తి చేశారు, కాబట్టి ఈ ఘట్టం మీద అది ఒక పక్షం సాక్ష్యమని పిల్లలకు ముందే చెప్పాలి. కమ్యూనిస్టు వైపు మాటకు పుచ్చలపల్లి సుందరయ్యగారి ఆత్మకథ ఉంది. ఊళ్లలో ఆ రోజుల డేరాలు చూసిన పెద్దవాళ్లు ఇంకా కొందరున్నారు. వాళ్ల దగ్గరికి పిల్లలను పంపండి, ఆలస్యం చేయకండి.

ఒక్క నియమం మాత్రం తప్పకుండా పెట్టమని ఉపాధ్యాయులను వేడుకుంటున్నాను. ఓటింగు జరిగే ముందు, ప్రతి సభ్యుడూ లేచి, తనను వ్యతిరేకిస్తున్నవాళ్ల వాదనల్లో అన్నిటికన్నా బలమైనది ఏదో వాళ్లు ఒప్పుకునేలా చెప్పాలి. వాళ్లు తల ఊపితేనే ఓటు. లేకపోతే మళ్లీ చెప్పాలి.

ఆ తర్వాత వాళ్ల ఓట్లు లెక్కపెట్టండి. 1954లో ఏం జరిగిందో, 1955లో ఏం జరిగిందో అప్పుడు చెప్పండి. చెప్పాక, ప్రభుత్వం పడాలని ఓటేసినవాళ్లను ఒక్కొక్కరినీ పిలిచి, ఇదంతా తెలిసీ ఇప్పుడు మళ్లీ అదే ఓటు వేస్తావా అని అడగండి. కొందరు వేయం అంటారు. కొందరు, ఎన్నికల్లో ఓడినా సరే, చెట్టెక్కే మనిషి జైలుకు పోకూడదు కాబట్టి అదే ఓటు వేస్తామంటారు. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడనివ్వండి.